సంత దారికి ఏ బ్యాటరీ బండి? – పని, సామర్థ్యం పాఠంతో ఒక లెక్క

(విజ్ఞాన వ్యాసం – 9వ తరగతి విద్యార్థిని)

 

మిత్రులారా! ఇప్పుడు మన ఏజెన్సీలో కూడా బ్యాటరీ బళ్లు కనిపిస్తున్నాయి. చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు అక్కర లేదు. మన ఇళ్లల్లో చాలామంది కొనాలని అనుకుంటున్నారు. మా ఇంట్లో కూడా అనుకుంటున్నారు. మా అన్న రోజూ మండల కేంద్రానికి పనికి పోతాడు. మా అయ్య వారానికి ఒకసారి సంతకు పసుపు, అల్లం, పిప్పళ్లు తీసుకుపోతాడు. తిరిగి వచ్చేటప్పుడు బియ్యం, ఉప్పు, నూనె తెస్తాడు. ఇన్నాళ్లూ కావడి, లేకపోతే జీపు. ఈ రెండు పనులకూ కలిపి ఒకే బండి కావాలి.

డబ్బు ఎక్కడిది అంటే, ఈ ఏడు కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బు, మా అమ్మకు డ్వాక్రా గ్రూపులో వచ్చే అప్పు. ఒక్కసారే కొనగలం. తప్పు బండి కొంటే మార్చుకోడానికి మళ్లీ అంత డబ్బు రాదు. మా ఇంట్లో చదువు వచ్చినది నేను, అన్న మాత్రమే. అన్న ఏడో తరగతితో మానేశాడు. కాబట్టి షాపులో ఇచ్చిన కాగితాలు నా చేతికి ఇచ్చి "ఏది మంచిదో చదివి చెప్పు" అన్నాడు మా అయ్య. నేను చదివాను. తరువాత మన భౌతిక శాస్త్రంలో "పని, శక్తి" పాఠం తీసి లెక్క కట్టాను. ఆ లెక్క మీకు కూడా పనికి వస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

1. కాగితం మీద ఏమి ఉంటుంది?

ప్రతి కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఒక్క చార్జింగ్‌తో ఇన్ని కిలోమీటర్లు" అని ఉంటుంది. అందరూ దాన్నే చూస్తారు. కానీ ఆ కిలోమీటర్లు చదునైన దారిలో, తక్కువ బరువుతో నడిపి చూసినవి. పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దాని చుట్టుపక్కల ఊళ్లు కొన్ని ఇంకా పైన, కొన్ని కింద లోయల్లో ఉన్నాయి. మనం ఎక్కడికి పోయినా ఒక ఎక్కుడు, ఒక దిగుడు తప్పదు. కావున ఆ పెద్ద అక్షరాలు మనకు సగమే పనికి వస్తాయి. మనకు కావలసిన సంగతి కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది మోటారు సామర్థ్యం, అంటే ఎన్ని వాట్లు అనేది.

2. శక్తి వేరు, సామర్థ్యం వేరు

ఈ రెండూ చాలామంది కలిపేస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను. బానలో నీళ్లు ఎన్ని ఉన్నాయి అనేది శక్తి లాంటిది. బానకు ఉన్న కన్నం ఎంత పెద్దది, ఒక నిమిషంలో ఎన్ని నీళ్లు వస్తాయి అనేది సామర్థ్యం లాంటిది. బాన నిండా నీళ్లున్నా కన్నం సన్నగా ఉంటే మంట ఆర్పలేం.

బ్యాటరీ బాన. మోటారు కన్నం.

బ్యాటరీలో శక్తిని యూనిట్లలో చెబుతారు. 1 యూనిట్ అంటే 1 కిలోవాట్ అవర్. అంటే 36,00,000 జౌళ్లు. కాగితం మీద యూనిట్లు రాయకపోతే మనమే కట్టుకోవచ్చు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 60 వోల్టులు, 28 ఆంపియర్ అవర్లు అని ఉంటే 60 × 28 = 1680 వాట్ అవర్లు. అంటే 1.68 యూనిట్లు.

మోటారు సామర్థ్యాన్ని వాట్లలో చెబుతారు. ఒక సెకనులో ఎన్ని జౌళ్ల పని చేయగలదో అన్ని వాట్లు.

3. మా ఊరి ఎక్కుడు కొలిచిన విధము

మా ఊరికి, సంతకు మధ్య దూరం 12 కిలోమీటర్లు. సంత కింద ఉంది. అన్న ఫోనులో ఎత్తు చూస్తే రెండింటికీ సుమారు 200 మీటర్ల తేడా వచ్చింది. దారి అంతా ఒకే వాలు కాదు. చాలాచోట్ల మామూలుగా ఉండి, చింతచెట్టు దగ్గర మాత్రం నిలువుగా ఉంటుంది. జీపు కూడా అక్కడ మొదటి గేరు వేస్తుంది.

ఆ చోట వాలు కొలవడానికి దసరా సెలవుల్లో నేను, మా తమ్ముడు పోయాం. కావలసినవి మూడే: 2 మీటర్ల తిన్నని వెదురు కర్ర, సగం నీళ్లు పోసిన సీసా, స్కేలు. కర్ర ఒక కొన ఎగువ వైపు నేల మీద ఆనించాలి. రెండో కొన దిగువ వైపు గాలిలో పట్టుకోవాలి. సీసాను కర్ర మీద పడుకోబెట్టి, నీళ్లు సీసాకు సమానంగా నిలిచే దాకా కర్ర ఎత్తాలి. అప్పుడు ఆ కొన నేల నుంచి ఎంత ఎత్తున ఉందో స్కేలుతో చూడాలి. మాకు 20 సెంటీమీటర్లు వచ్చింది. 200 సెంటీమీటర్లకు 20 సెంటీమీటర్లు. అంటే 10 మీటర్లు పోతే 1 మీటరు ఎక్కుతాం. నాలుగు చోట్ల కొలిచాం. దాదాపు అంతే వచ్చింది.

4. బ్యాటరీ ఎంత కావాలి?

బరువు ముందు చూద్దాం. సంత నుంచి వచ్చేటప్పుడు మా అయ్య 55 కిలోలు, అమ్మ 45 కిలోలు, బియ్యం 25 కిలోలు, బండి 115 కిలోలు. మొత్తం 240 కిలోలు. గురుత్వ త్వరణం లెక్క సులువుకు 10 అనుకుంటే భారం 2400 న్యూటన్లు.

(అ) 200 మీటర్లు పైకి ఎక్కడానికి పని: 2400 × 200 = 4,80,000 జౌళ్లు.

(ఆ) చక్రానికి, దారికి మధ్య నిరోధం. మన దారికి ఇది భారంలో యాభయ్యో వంతు అనుకుందాం. 2400 ÷ 50 = 48 న్యూటన్లు. 12 కిలోమీటర్లు అంటే 12,000 మీటర్లు. 48 × 12,000 = 5,76,000 జౌళ్లు.

(ఇ) గాలి అడ్డు. మెల్లగా పోతాం కాబట్టి తక్కువే. మొత్తం కలిపి 12,00,000 జౌళ్లు అనుకుందాం. అంటే యూనిట్‌లో మూడో వంతు.

బ్యాటరీ ఇచ్చిన శక్తి అంతా చక్రానికి చేరదు. తీగల్లో, మోటారులో కొంత వేడిగా పోతుంది. నూటికి 75 వంతులు చేరుతుందనుకుంటే సుమారు 0.45 యూనిట్ ఖర్చు. కిందికి పోయేటప్పుడు కొండే సాయం చేస్తుంది కాబట్టి 0.15 నుంచి 0.2 చాలు. దారిలో చిన్న గుంటలు, మిట్టలు, ఆగి కదలడం అన్నీ కలిపి పోను, రాను 1 యూనిట్ అని ఉంచుకుందాం.

ఇది చూసి నేను ఆశ్చర్యపడ్డాను. 2 యూనిట్ల బ్యాటరీ ఉంటే సంతకు రెండుసార్లు పోయి రావచ్చు! కొన్నేళ్లకు బ్యాటరీ పాతబడి నూటికి 30 వంతులు తగ్గినా 1.4 యూనిట్లు ఉంటుంది. అప్పుడు కూడా ఒకసారి పోయి రావడానికి సరిపోతుంది. అన్న ఒక్కడే పోయే రోజుల్లో ఇంకా తక్కువ చాలు. కాబట్టి పెద్ద బ్యాటరీ కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర లేదు.

5. మోటారు ఎంత కావాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చింతచెట్టు ఎక్కుడులో వాలు పదో వంతు. కాబట్టి బండిని వెనక్కి లాగే బలం 2400 ÷ 10 = 240 న్యూటన్లు. దారి నిరోధం 48 కలిపితే 288 న్యూటన్లు.

సామర్థ్యం = బలం × వేగం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలి అనుకుందాం. అది సెకనుకు సుమారు 4.2 మీటర్లు. 288 × 4.2 = సుమారు 1200 వాట్లు.

ఇప్పుడు షాపులో "లైసెన్సు అక్కర లేదు, రిజిస్ట్రేషన్ అక్కర లేదు" అని చూపించే బండి సంగతి చూద్దాం. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం మోటారు 250 వాట్ల లోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, బ్యాటరీ కాక బండి బరువు 60 కిలోలు మించకుండా ఉంటే అది మోటారు వాహనం కింద లెక్కకు రాదు. అందుకే దానికి లైసెన్సు అడగరు. మా అయ్యకు లైసెన్సు లేదు. ధర కూడా తక్కువ. కాబట్టి ఆయన మనసు ఆ బండి మీదే ఉంది.

అదే బరువు దాని మీద పెడితే ఏమవుతుంది? 250 ÷ 288 = సెకనుకు 0.87 మీటర్లు. గంటకు సుమారు 3 కిలోమీటర్లు! కావడి మోసుకుని నడిచే మనిషి కూడా అంత వేగం పోతాడు. పైగా చక్రం అంత మెల్లగా తిరిగితే మోటారుకు పోయే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. మోటారు కాలిపోకుండా కంట్రోలర్ కరెంటు ఆపేస్తుంది. అప్పుడు మనమే దిగి, బండినీ బియ్యాన్నీ కలిపి తోయాలి. కావడి కంటే అది బరువు.

కొన్ని కాగితాల మీద మోటారుకు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి "పీక్", అంటే కొన్ని సెకన్లు మాత్రమే ఇవ్వగలిగేది. రెండోది "రేటెడ్" లేదా "కంటిన్యుయస్", అంటే ఆగకుండా ఇవ్వగలిగేది. ఎక్కుడు కొన్ని సెకన్లలో అయిపోదు. కాబట్టి రెండో అంకెనే చూడాలి.

6. మూడు రకాల బళ్లు – ఎవరికి ఏది?

మొదటిది, బ్యాటరీ సైకిలు. దీని మోటారు కూడా 250 వాట్ల లోపే. కానీ సైకిలు బరువు 25 కిలోలే. మనిషి 55, సామాను 25 కలిపితే 105 కిలోలు. అదే ఎక్కుడులో కావలసిన బలం సుమారు 126 న్యూటన్లు. మోటారు 250 వాట్లు, మన కాళ్లు ఇంకో 80 వాట్లు వేస్తే గంటకు 9 కిలోమీటర్ల దాకా పోవచ్చు. నడక కంటే రెట్టింపు. కాబట్టి 250 వాట్లు దేనికీ పనికిరావని కాదు. బరువు తగ్గితే అవే వాట్లు సరిపోతాయి. ఒక్క మనిషి, కొద్ది సామాను, రోజూ పని అయితే ఇది మంచిది. ఇద్దరు మనుషులు, బస్తా అయితే కాదు.

రెండోది, లైసెన్సు అక్కర లేని స్కూటరు. ఇది పట్నంలో, చదును దారిలో, ఒక్కరు పోవడానికి బాగుంటుంది. మన కొండకు, బస్తాకు బాగుండదు.

మూడోది, రిజిస్ట్రేషన్ ఉన్న స్కూటరు లేదా సామాన్ల కోసమే చేసిన బండి. చాలా బళ్లకు మోటారు 1500 వాట్లు, అంతకు పైన ఉంటుంది. ధర ఎక్కువ. లైసెన్సు, ఇన్సూరెన్సు, హెల్మెట్ తప్పవు. మన ఎక్కుడు ఎక్కేది ఇదే.

నేను మా అయ్యకు ఒకే మాట చెప్పాను. "సంత రోజును చూసి మోటారు కొనాలి, మామూలు రోజును చూసి బ్యాటరీ కొనాలి." ఆయన కాసేపు ఆలోచించి, "ఎద్దును కూడా ఎక్కుడు చూసే కొంటాం" అన్నాడు. లైసెన్సు మాట ఇంకా తేలలేదు. ఎల్.ఎల్.ఆర్. కోసం రోడ్డు గుర్తులు తెలియాలి. నేను అట్టల మీద గుర్తులు గీసి ఇంట్లో పెట్టి వచ్చాను. ఇప్పటికి పదకొండు గుర్తులు చెప్పగలడని అన్న ఫోనులో చెప్పాడు.

7. బ్యాటరీ రకం, నిప్పు భయం

లెడ్ యాసిడ్ బ్యాటరీలు చవక. కానీ 1.68 యూనిట్లకు దాదాపు 40 కిలోల బరువు ఉంటాయి. ఆ 40 కిలోలను కూడా ప్రతిసారీ కొండ ఎక్కించాలి. కొన్ని వందల చార్జింగులకే బలహీనపడతాయి. లిథియం బ్యాటరీ అంతే శక్తికి సుమారు 15 కిలోలు. ఎక్కువ కాలం వస్తుంది. లిథియంలోనే ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడికి ఎక్కువ తట్టుకుంటుంది.

2022 ఏప్రిల్‌లో విజయవాడలోను, నిజామాబాద్‌లోను ఇంట్లో ఉంచిన బండి బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాది చాలాచోట్ల బళ్లు కాలిన తరువాత ప్రభుత్వం ఏఐఎస్ 156 అనే భద్రతా నియమాలను గట్టి చేసింది. అవి 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలులోకి వచ్చాయి. కాబట్టి అంతకు ముందు చేసిన పాత బండి చవకగా వస్తుందని కొనకూడదు.

ఇంట్లో పాటించవలసినవి: ఎక్కుడు ఎక్కి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకూడదు, చల్లారనివ్వాలి. పడుకునే గదిలో, గడ్డికప్పు కింద, కట్టెల దగ్గర పెట్టకూడదు. బండితో ఇచ్చిన చార్జరే వాడాలి. ఉబ్బిన బ్యాటరీని, నీళ్లలో మునిగిన బ్యాటరీని వాడకూడదు.

8. దిగుడు సంగతి

అందరూ ఎక్కుడు గురించే అడుగుతారు. దిగుడు కూడా చూడాలి. కొన్ని బ్యాటరీ బళ్లు దిగేటప్పుడు మోటారునే జనరేటర్‌లా తిప్పి బ్యాటరీకి కొంత కరెంటు తిరిగి ఇస్తాయి. అప్పుడు బండి వేగం కూడా తగ్గుతుంది. కానీ మన ఊరు పైన ఉంది. రాత్రంతా నిండుగా చార్జింగ్ పెట్టి పొద్దున్నే దిగితే, నిండిన బ్యాటరీలో ఇంకా కరెంటు పట్టదు. నిండిన బానలో నీళ్లు పోసినట్టే. అప్పుడు ఆ సాయం అందదు. భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. కాబట్టి పైన ఉన్న ఊళ్లవాళ్లు నూటికి 85, 90 వంతులకు ఆపి బయలుదేరడం మంచిది. బ్రేకులు గట్టివో కాదో కొనే ముందే చూడాలి.

బస్తా ఎక్కడ పెట్టాలి అనేది కూడా ముఖ్యం. వెనక ఎత్తుగా పెడితే గరిమనాభి పైకి, వెనక్కి పోతుంది. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మాట వినదు. కాళ్ల దగ్గర చదును చోటు ఉన్న బండి అయితే బస్తా కిందికి, రెండు చక్రాల మధ్యకు వస్తుంది. కావడి మోసేవాళ్లు రెండు వైపులా సమానంగా కట్టి, తాళ్లు పొట్టిగా ఉంచేది కూడా ఊగకుండా ఉండడానికే.

9. ఖర్చు

ఒకసారి సంతకు పోయి రావడానికి 1 యూనిట్ అన్నాం. చార్జరులో పోయేది కలిపితే 1.2 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలు అనుకుంటే 6 రూపాయలు. అదే దూరం పెట్రోలు మోపెడ్‌కు కొండ దారిలో అర లీటరు పడుతుందనుకుందాం. లీటరు 110 రూపాయల చొప్పున 55 రూపాయలు. ఒక్కసారికి సుమారు 50 రూపాయలు మిగులు. ఏడాదికి 250 రోజులు తిరిగితే 12,500 రూపాయలు.

కానీ ఇదంతా లాభం అని ఖర్చు పెట్టేయకూడదు. ఒక రోజు బ్యాటరీ మార్చాలి. అది వేలల్లో ఉంటుంది. నెలనెలా కొంత గ్రూపులో పొదుపు చేస్తేనే ఆ రోజు అప్పు చేయకుండా ఉంటాం.

10. షాపులో అడగవలసిన ప్రశ్నలు

ఇవి చీటీ మీద రాసుకుని పోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

(1) మోటారు రేటెడ్ సామర్థ్యం ఎన్ని వాట్లు?
(2) మనుషులు, సామాను కలిపి ఎన్ని కిలోల దాకా మోయవచ్చు? బండి పుస్తకంలో రాసి ఉందా?
(3) బ్యాటరీ ఎన్ని యూనిట్లు, ఏ రకం? గ్యారంటీ ఎన్నేళ్లు? కొత్త బ్యాటరీ ధర ఎంత?
(4) బ్యాటరీ బండి నుంచి తీయవచ్చునా? కరెంటు రెండు రోజులు పోయినప్పుడు వేరే ఊరికి తీసుకుపోయి చార్జింగ్ పెట్టుకోవచ్చు. దారికి పైన ఇళ్లున్నవాళ్లకు కూడా ఇది అవసరం.
(5) మోటారుకు, బ్యాటరీకి ఐపీ 67 ఉందా? అంటే దుమ్ము దూరదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదు. ఉన్నా సరే, పొంగే గెడ్డలో బండి దింపకూడదు.
(6) బాగుచేసే చోటు ఎంత దూరం? పెట్రోలు బండి మన సంతలో మెకానిక్ బాగుచేస్తాడు. దీనికి పట్నం పోవాలంటే జీపు కిరాయి కూడా లెక్కలో వేసుకోవాలి.
(7) ఇద్దరం ఎక్కి, బస్తాతో, ఎక్కుడు మీద నడిపి చూడనిస్తారా? ఎక్కుడు మధ్యలో ఆపి మళ్లీ కదిలించి చూడాలి. కదిలితేనే ఆ బండి మనది. ఏడో ప్రశ్నకు "కుదరదు" అంటే డబ్బు కట్టకుండా ఇంటికి వచ్చేయండి.

ఇంకో మాట. చెల్లెళ్లారా, బండి ఇంటికి వచ్చినా మనం నడపకూడదు. 2019లో సవరించిన మోటారు వాహన చట్టం ప్రకారం వయసు చాలని పిల్లలు మోటారు బండి నడిపితే తల్లిదండ్రులకు గాని బండి యజమానికి గాని 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. మనం చేయవలసిన పని లెక్క కట్టడం, చదివి వినిపించడం.

అభ్యాసం (జవాబులు నోటు పుస్తకంలో రాసి నాకు చూపించండి)

1. 72 వోల్టులు, 30 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఎన్ని యూనిట్లు?
2. మొత్తం బరువు 200 కిలోలు, వాలు పదో వంతు, దారి నిరోధం భారంలో యాభయ్యో వంతు. 1500 వాట్ల మోటారు బండి ఎంత వేగంతో ఎక్కుతుంది?
3. వచ్చే సెలవుల్లో వెదురు కర్ర, నీళ్ల సీసా తీసుకుని మీ ఊరి దారిలో అన్నిటికంటే నిలువైన చోటు కొలిచి రండి. ఊరి పేరు, వాలు రాసి ఇస్తే వచ్చే సంచికలో అందరివీ ఒక పట్టికగా వేద్దాం. అప్పుడు ఎవరి ఇంట్లో బండి కొనాలన్నా మన గోడ మీదే చూసుకోవచ్చు.